భీముడి పెట్టెలో ఘటోత్కచుడు

మా మేనత్తకు రెండు పేర్లు. పుట్టింట్లో ఒక దేవత పేరు, అత్తవారింట్లో ఒక నది పేరు. ఆ దేవత ఎవరో, ఆ నది ఏదో ఇక్కడ రాస్తే ఆవిడ నన్ను మళ్లీ గడప తొక్కనివ్వదు. అందుచేత దేవత, నది అనే అనుకుందాం.

కథ చిన్నదే. 1954లో ఆవిడకు పదిహేనో ఏట పెళ్లయింది. తీరా చూస్తే అత్తగారి పేరు కూడా ఆ దేవత పేరే. ఇంట్లో ఒక్క పేరుకు ఇద్దరు పలికితే ఎలా? పైగా కన్నతల్లి పేరు పెట్టి పెళ్లాన్ని పిలవడానికి మా మామయ్యకు నోరు రావద్దూ? పెద్దలు వసారాలో కూర్చుని, అరగంటలో ఆవిడ పేరు మార్చేసి లేచారు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. మనిషి పాత మనిషే, పేరు మాత్రం కొత్తది.

దీనికి తలకిందులైన ఆచారం కూడా మనకే వుంది. తాత పోయాక మనవడు పుడితే తాత పేరే పెడతాం. ఇక్కడ మనిషి కొత్త, పేరు పాత.

నేను వుద్యోగ జీవితమంతా కంప్యూటర్ల దగ్గర గడిపినవాణ్ణి. ఈ రెండు ఆచారాలూ ఆ ఇనప పెట్టెలకు కూడా వర్తిస్తాయనీ, వాటివల్ల మనుషులకు ఏ తిప్పలు వచ్చాయో పెట్టెలకూ సరిగ్గా అవే తిప్పలు వస్తాయనీ నాకు 2003లో గాని తెలిసిరాలేదు. ఆ ముచ్చట చెప్పాలంటే ముందు కంప్యూటర్ల నామకరణోత్సవాల చరిత్ర కొంచెం చెప్పాలి. అదేమంత విసుగ్గా వుండదు లెండి.

మొదట్లో కంప్యూటరంటే ఊరికొక్కటి. ఒక్కడే కొడుకైన ఇంట్లో బారసాల ఎంత ఘనంగా జరుగుతుందో, ఆ యంత్రాలకూ అలాగే జరిగేది. 1946లో ఫిలడెల్ఫియాలో లోకానికి చూపించిన ఎనియాక్‌కు సుమారు పద్ధెనిమిది వేల వాక్యూమ్ ట్యూబులు, ముప్ఫయి టన్నుల బరువు. 1949లో కేంబ్రిడ్జిలో ఎడ్‌శాక్ పని మొదలుపెట్టింది. పొడుగాటి పేరులోని మొదటి అక్షరాలన్నీ ఏరి, చివర ‘యాక్’ అనో ‘శాక్’ అనో వచ్చేట్టు కూర్చడం ఒక ఫ్యాషనైపోయింది. లాస్ అలమోస్‌లో నికొలస్ మెట్రోపొలిస్ అనే శాస్త్రవేత్తకు ఈ పిచ్చి చూసి ఒళ్లు మండింది. తన యంత్రానికి కావాలనే ‘మేనియాక్’ అని పేరు పెట్టాడు. అంటే పిచ్చివాడు. దాంతో నలుగురికీ సిగ్గొచ్చి ఆగిపోతారనుకున్నాడు. ఆగలేదు సరికదా, పోటీ పెరిగింది. 1953లో రాండ్ సంస్థవారు జాన్ ఫన్ నాయ్‌మన్ పేరుమీద తమ యంత్రానికి ‘జానియాక్’ అని పెట్టుకున్నారు.

మనవాళ్లూ తక్కువ తినలేదు. బొంబాయిలో టాటా పరిశోధన సంస్థవారు స్వయంగా తయారుచేసుకున్న కంప్యూటరు 1960లో పనిలోకి దిగింది. రెండేళ్లపాటు దానికి పేరే లేదు. 1962 జనవరిలో నెహ్రూగారు వెళ్లి ‘టిఫ్రాక్’ అని నామకరణం చేశారు. రెండేళ్లు నిండిన పిల్లకు బారసాల అన్నమాట.

మన హైదరాబాదుకూ ఇందులో వాటా వుంది. ఇ.సి.ఐ.ఎల్. వారు 1970లలో తయారుచేసిన కంప్యూటర్లకు టి.డి.సి. అనే పేరుండేది. టి అంటే తెలంగాణా కాదు, తెలుగూ కాదు. ట్రాంబే! బొంబాయి దగ్గరి ట్రాంబేలో అణుశక్తి కేంద్రం వారు రూపకల్పన చేశారు కాబట్టి అది ‘ట్రాంబే డిజిటల్ కంప్యూటర్’. పెరిగింది, పనిచేసింది ఇక్కడే గానీ ఇంటిపేరు మాత్రం పుట్టింటిదే నిలుపుకుంది. మా అత్తయ్యకు దక్కని అదృష్టం దానికి దక్కింది.

యంత్రం ఒంటరిగా వున్నంతకాలం దాని పేరు ముచ్చట కోసమే. పక్కగదిలో ఇంకొకటి వస్తే కదా పిలవాల్సిన అవసరం! 1969 అక్టోబరులో అమెరికాలో ఆర్పానెట్ అనే వలలో మొదటి రెండు కంప్యూటర్లు మాట్లాడుకున్నాయి. అక్కణ్ణుంచి పేరన్నది మురిపెం కాస్తా అవసరమైంది. యంత్రాలకు తమలో తాము అంకెలు చాలు. కానీ మనుషులకు అంకెలు గుర్తుండవు కదా. ఏ అంకె ఏ పేరుగలదో ఎవరో ఒకరు రాసిపెట్టాలి.

ఆ రాసిపెట్టిన ఇల్లాలు ఎలిజబెత్ ఫైన్లర్. అందరూ జేక్ అంటారు. చూశారా, ఆవిడకీ రెండు పేర్లే! కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1972 నుంచి ఆవిడ నడిపిన కార్యాలయంలో ఒక జాబితా వుండేది. వలలో వున్న ప్రతి యంత్రం పేరు, ఎదురుగా దాని అంకె. కొత్త యంత్రం కొన్నవాళ్లు ఆ కార్యాలయానికి ఫోను చేసో, ఉత్తరం పంపించో పేరు రాయించుకోవాలి. ఒకరికిచ్చిన పేరు ఇంకొకరికి ఇవ్వరు. మిగతా యంత్రాలన్నీ అప్పుడప్పుడూ వచ్చి ఆ జాబితాకు నకలు తీసుకుపోయేవి. మన గ్రామ కరణంగారి పుస్తకం లాంటిదే. ఎవరి పొలం ఎవరిదో అందులో ఎలా వుంటే అలా.

ఒక ఊరికి ఒక కరణం సరిపోతాడు. దేశం మొత్తానికి ఒకే కరణమంటే? యంత్రాలు వందల్లోకి వచ్చేసరికి ఆ పద్ధతి వగర్చడం మొదలుపెట్టింది. ఒకచోట మారిన పేరు ఇంకోచోటికి చేరేసరికి రోజులు గడిచేవి. 1983 నవంబరులో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన కొత్త పద్ధతి రాసి ప్రకటించాడు. ఎవరి పరగణా పేర్లు వాళ్లే చూసుకోండి, ఎవరైనా అడిగితే చెప్పండి అన్నది దాని సారాంశం. ఇవాళ మన చేతిలో ఫోను ఏ పేరు నొక్కినా పలికేది ఆ ఏర్పాటు పుణ్యమే.

ఆ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం ఒకటుంది. ఒక యంత్రానికి అసలు పేరు ఒకటి వుంటే, దానికి ముద్దుపేరు ఇంకొకటి రాసుకోవచ్చు. ముద్దుపేరుతో ఎవరైనా అడిగితే, ‘ఆయన అసలు పేరు ఫలానా, అక్కడ అడగండి’ అని జవాబు వస్తుంది. ఇదేదో గొప్ప కొత్త సంగతని అమెరికావాళ్లు అనుకోవచ్చు గానీ, మన కోడళ్లకు ఇది తరతరాలుగా తెలుసు. మామగారి పేరు కొడుక్కి పెట్టారనుకోండి. వాడు అల్లరి చేస్తే ఆ పేరు పెట్టి ఎలా తిడుతుంది పాపం? అందుకని ‘బుజ్జిగా’, ‘చిట్టీ’ అని ఒక ముద్దుపేరు. బడి రికార్డులో తాత పేరు, వంటింట్లో బుజ్జిగాడు. ఏ పేరుతో పిలిచినా అన్నానికి వచ్చేది ఒక్కడే.

ఇక డేటాబేస్ సర్వర్ల సంగతి. డేటాబేస్ అంటే మరేం లేదు, చిట్టా ఆవర్జాలు. సర్వరంటే ఆ చిట్టాలు దగ్గర పెట్టుకుని, అడిగినవాడికి అడిగిన పద్దు తీసి చూపించే గుమాస్తా. ఈ గుమాస్తాతో మాట్లాడే భాషకే ఒక పేరు మార్పిడి కథ వుంది. 1970లో కాడ్ అనే ఐ.బి.ఎం. శాస్త్రవేత్త, లెక్కలన్నీ పట్టికల రూపంలో పెట్టుకునే సిద్ధాంతం ప్రకటించాడు. దాని ఆధారంగా 1974లో అదే కంపెనీలో ఛాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు ఒక ప్రశ్నల భాష తయారుచేసి ‘సీక్వెల్’ అన్నారు. ఆ పేరు మాదంటూ ఇంగ్లండులో ఒక విమానాల కంపెనీకి ముందే హక్కు వుంది. దాంతో అచ్చులన్నీ తీసేసి ‘ఎస్.క్యూ.ఎల్.’ చేశారు. కాగితం మీద మారింది. నోట్లో? ఇవాళ్టికీ సగం మంది ‘సీక్వెల్’ అనే అంటారు. కాగితం మీద పేరు మార్చడానికి ఒక సంతకం చాలు, నాలుక మీద మార్చడానికి ఒక తరం చాలదు.

ఫిన్లండు దేశస్థుడు మైకేల్ విడేనియస్ కథ ఇంకా ముచ్చటైంది. ఆయన పెద్దకూతురి పేరు ‘మై’. 1995లో వచ్చిన తన డేటాబేసుకు ఆ పిల్ల పేరు కలిపి మైఎస్‌క్యూఎల్ అన్నాడు. 2008లో అది అమ్ముడై ఒక పెద్ద కంపెనీకి వెళ్లింది. 2010లో ఆ పెద్ద కంపెనీతో సహా ఇంకా పెద్ద కంపెనీకి వెళ్లింది. పెద్దపిల్ల పేరు పరాయివాళ్ల సొత్తయింది. ఆయనేం చేశాడు? ఆ ప్రోగ్రాం నకలు అందరికీ స్వేచ్ఛగా దొరికేదే కాబట్టి, 2009లోనే దాన్ని తీసుకుని వేరుకాపురం పెట్టి, చిన్నకూతురి పేరున మరియాడీబీ అన్నాడు. వస్తువు ఒకటే, పేర్లు రెండు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే పేరుతో కూడా ఒకప్పుడు రెండు కుటుంబాలున్నాయి. సైబేస్ అనే కంపెనీ తయారుచేసిన దాన్ని మైక్రోసాఫ్ట్ తీసుకుని 1989లో తన పేరున అమ్మడం మొదలుపెట్టింది. 1990లలో అన్నదమ్ములు విడిపోయారు. కొన్నాళ్లు ఇద్దరూ ఒకే పేరుతో తిరిగారు. చివరికి పెద్దవాడే, అంటే సైబేసే, పేరు మార్చుకుని తప్పుకున్నాడు. పేరు తమ్ముడికి దక్కింది.

అయితే ఇద్దరికీ పుట్టుకతో వచ్చిన అలవాటు ఒకటుంది. ఈ సర్వర్లు తమకు తెలిసిన సర్వర్లన్నిటి పేర్లూ తమ సొంత పుస్తకంలో రాసుకుంటాయి. అందులో తమ పేరు కూడా రాసుకుంటాయి. అంటే ఈ గుమాస్తా తనెవరో తెలుసుకోవాలంటే అద్దం చూసుకోడు, పుస్తకం తీసి చూసుకుంటాడు. గది తలుపు మీద పలక మీరు ఎన్నిసార్లు మార్చినా సరే, పుస్తకంలో వున్నదే ఆయన పేరు. మైక్రోసాఫ్ట్ వారి 1998 నాటి ఏడో వెర్షన్ అయితే మరీ అనుమానపు పీనుగ. కంప్యూటరు పేరు మార్చి మళ్లీ స్టార్ట్ చేస్తే సర్వరు లేచేదే కాదు. ఎవరో తారుమారు చేశారు, మళ్లీ సెటప్ నడపండని మొండికేసేది. 2000 నాటి వెర్షన్ కాస్త నెమ్మదస్థురాలు. లేచి కూర్చునేది, పనిచేసేది. మనసులో మాత్రం పాత పేరే పెట్టుకునేది.

ఇక మా ఆఫీసు. పేరు చెప్పను. అక్కడ సర్వర్లకు పాండవుల పేర్లు పెట్టుకున్నాం. ఇది మా సొంత తెలివే అనుకుని చాలాకాలం మురిసిపోయాను. తర్వాత తెలిసింది, 1990 ఆగస్టులోనే డాన్ లీబ్స్ అనే అమెరికన్ ‘కంప్యూటరుకు పేరు ఎంచుకోవడం ఎలా’ అని పత్రం రాసి, ఒకే కుటుంబంలోని పేర్లు వరసగా పెట్టుకోవడం మంచిదని ఎప్పుడో సలహా ఇచ్చాడని. ఆయన చెప్పిన నీతులన్నీ బంగారం లాంటివి. చేస్తున్న పని పేరు యంత్రానికి పెట్టకండి, పని మారితే పేరు అబద్ధమైపోతుందన్నాడు. మీ సొంత పేరు పెట్టకండి అన్నాడు. వాడుకలో వున్న మాటలు పెట్టకండి అన్నాడు. దీనికో వుదాహరణ కూడా ఇచ్చాడు. ఒకచోట డేటాబేసును నాలుగైదు యంత్రాల మీద పంచారట. కొత్త పద్దులు, అంటే అప్‌డేట్లు, వేసుకునే హక్కు ఒక్కదానికే వుంది. కనక దానికి ‘అప్’ అని పేరు పెట్టారు. ఆ యంత్రం ఒకరోజు ‘డౌన్’ అయితే ఆ వార్త ఫోనులో చెప్పడానికి వాళ్లెంత యాతన పడి వుంటారో వూహించుకోండి. కొడుక్కి ‘లేడు’ అని పేరు పెట్టుకుని, ఎవరైనా వచ్చి అడిగితే ‘లేడు ఇంట్లోనే వున్నాడండీ’ అన్నట్టు.

మా డేటాబేస్ సర్వరు పేరు భీమ. ఆకలి ఎక్కువ కాబట్టి. ఎంత మెమరీ పోసినా ఇంకా కావాలనేది. అయిదేళ్లు చాకిరీ చేశాక డిస్కుల మీద ఎర్రదీపాలు వెలగడం మొదలైంది. కొత్త పెట్టె తెప్పించారు. పాతదీ కొత్తదీ ఒకే వలలో ఒకే పేరుతో వుండడానికి వీల్లేదు. ‘ఈ పేరుగలవాడు ఇప్పటికే ఇంట్లో వున్నాడు’ అని తోసిపుచ్చుతుంది. మా అత్తయ్య పెళ్లినాటి సమస్యే. అందుకని కొత్తదానికి తాత్కాలికంగా ఘటోత్కచ అని పేరు పెట్టాను. భీముడి కొడుకు, బలవంతుడు, తెలుగువాళ్లకు ఇష్టుడు. ఇంగ్లీషులో ఎలా రాయాలన్న దగ్గర మాత్రం ఆఫీసు రెండు పక్షాలుగా చీలింది. ఒకడు ‘టి’ తర్వాత ‘హెచ్’ పెడతాడు, ఒకడు పెట్టడు, ఒకడు మొదటి ‘హెచ్’ మింగేస్తాడు. ఒక అక్షరం తేడా వస్తే ఆ మహానుభావుడు పలకడు. స్పెల్లింగుకు రెండు దారులున్న పేరు పెట్టవద్దని కూడా లీబ్స్‌గారు చెప్పే వున్నారు. చదివితేగా!

వారంరోజులు ఘటోత్కచుణ్ణి పక్కన పెట్టుకుని పరీక్షించాం. చిట్టాలన్నీ అందులోకి నకలు తీశాం. రోజూ రాత్రి రెండింటికి మొత్తం లెక్కలకు నకలు తీసే పని ఒకటి, వారానికోసారి పుస్తకాలు సర్దే పని ఒకటి, ఇలా పది పన్నెండు పనులు దానికి అప్పగించాను. ఆ వచ్చిన ఆదివారం పాత భీముణ్ణి ఆపేశాం. భారతంలో కొడుకు ముందు పోయాడు, మా ఆఫీసులో తండ్రి ముందు పోయాడు. కొత్త పెట్టె పేరు మార్చి భీమ అన్నాను. బ్రాంచీల్లో ప్రోగ్రాములన్నీ భీమ అనే పిలుస్తాయి కదా. సోమవారం పొద్దున్న పిలిచారు, పలికింది. ఎవరికీ తేడా తెలియలేదు. మా పెద్దాయన భుజం తట్టాడు. నేను కాలరెత్తుకుని తిరిగాను.

మంగళవారం, రాత్రి నకలు కొత్త డిస్కు మీద కాకుండా టేపు మీదికి వెళ్లేట్టు మారుద్దామని కూర్చున్నాను. సర్వరు ఒప్పుకోలేదు. ఈ పని వేరే సర్వరు నుంచి వచ్చింది, దీన్ని మార్చే అధికారం నీకు లేదంది. వేరే సర్వరేమిటి? ఈ పని అప్పగించింది నేను, అప్పగించుకుంది అదీ! అనుమానం వచ్చి, ‘నీ పేరేమిటి?’ అని అడిగాను. అలా అడగడానికి దాని భాషలో ఒక మాట వుంది.

‘ఘటోత్కచ’ అంది.

మీరు 1957 నాటి ‘మాయాబజార్’ చూసే వుంటారు. చూడనివారు తెలుగునాట వున్నారా? శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు వచ్చి కూర్చుంటాడు. పైకి సావిత్రి, లోపల ఎస్.వి. రంగారావు. నా సర్వరు పరిస్థితి అచ్చం అదే. బయట అందరూ భీమా అంటుంటే పలుకుతోంది, లోపల మాత్రం తాను ఘటోత్కచుణ్ణే అనుకుంటోంది. అప్పగించిన ప్రతి పని మీదా ‘పంపినవారు: ఘటోత్కచ’ అని రాసుకుంది. ఇప్పుడు భీమ అనే పేరుతో నేను వెళ్లేసరికి, ఆ పనులు పరాయివాడివి, ముట్టుకోవద్దంటోంది. ముట్టుకోవద్దన్నది ఎవరి పనుల్ని? తన పనుల్నే!

తప్పు నాదే. గుమ్మం మీద పలక మార్చి, పుస్తకంలో పేరు మార్చడం మరిచాను. అసలు సంగతి ఏమిటంటే అది నెలాఖరు. కొన్ని వందలమంది జీతాల లెక్క ఆ పెట్టెలో వుంది. దాని నకలు కూడా ఆ పెట్టెలోనే వుంది. ఇల్లు తగలబడితే తాళంచెవితో సహా పోయినట్టు. మర్నాడు చూద్దామనుకుంటుండగా ఇంటినుంచి ఫోనొచ్చింది. మా అత్తయ్య ఊరినుంచి వచ్చి వుంది, నాతో మాట్లాడాలంటోందట.

మామయ్య స్కూలు టీచరు. పోయి అప్పటికి ఎనిమిది నెలలు. అత్తయ్యకు ఫ్యామిలీ పెన్షను రావాలి. రాలేదు. మామయ్య సర్వీసు రిజిస్టర్లో భార్య పేరు నది. అత్తయ్య తండ్రి ఎప్పుడో ఆవిడ పేరున తెరిచిన బ్యాంకు పుస్తకంలో దేవత. రేషన్ కార్డులో, ఆ రోజు రాసుకున్న గుమాస్తా ఎవరోగానీ, దేవతనూ నదినీ కలిపి మూడో పేరు సృష్టించాడు. ఆఫీసువాళ్లు మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ‘వీళ్లు ముగ్గురు కదమ్మా, ఇందులో మీరెవరు?’ అన్నారట.

నాకు ఆ పూట దాకా నవ్వులాటగానే వుంది. అత్తయ్య నవ్వలేదు. సంచిలోంచి కాగితాలు తీసి బల్లమీద పరిచి, ‘నేను నేనేనని నేను చెబితే చాలదుటరా?’ అంది.

చాలదు. అదే వచ్చిన చిక్కు. మనిషికైనా పెట్టెకైనా తానెవరో తాను చెబితే చాలదు. పుస్తకాలు చెప్పాలి. ఆ పుస్తకాలు నాలుగుచోట్ల వుంటాయి, నాలుగూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవు.

పూర్వం మిళిందుడనే గ్రీకు రాజుకూ నాగసేనుడనే బౌద్ధ భిక్షువుకూ ఈ విషయం మీదే చర్చ జరిగిందని పాళీ గ్రంథంలో వుంది. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దపు రాజు ఆయన. మీరు దేనిమీద వచ్చారని భిక్షువు అడిగాడు. రథం మీద, అన్నాడు రాజు. ఇరుసు రథమా? కాదు. చక్రాలు? కాదు. నొగ? కాదు. మరి రథమేదీ? అన్నీ కూడినప్పుడు వాడుక కోసం పెట్టుకున్న పేరు తప్ప రథమనేది వేరే లేదని తేలింది. మా భీముడికి డిస్కులు కొత్తవి, మెమరీ కొత్తది, ఇనుము కొత్తది. ఏది భీముడు? ఏదీ కాదు. బ్రాంచీలో గుమాస్తా పొద్దున్నే పిలిస్తే పలికి జీతాల పద్దు చూపించేదేదో అదే భీముడు. పేరు వస్తువుది కాదు, పిలిచేవాళ్లది. నాగసేనుడికి రెండువేల ఏళ్ల కిందట తెలిసిన సంగతి నాకు నెలాఖరు మంగళవారం తెలిసింది.

ఆ రాత్రి మళ్లీ ఆఫీసుకు వెళ్లాను. మందు విచిత్రమైంది. ముందు దాన్ని మళ్లీ ఘటోత్కచ చెయ్యాలి. ఆ పేరుతో పిలిచి, పనులన్నీ ఒక కాగితం మీదికి రాయించుకుని, దాని చేతే చెరిపించాలి. అప్పుడు భీమ అని పేరు మార్చి, లోపలి పుస్తకంలో కూడా పాత పేరు కొట్టించి కొత్త పేరు రాయించి, ఒకసారి నిద్రపుచ్చి లేపాలి. పనులన్నీ మళ్లీ మొదటినుంచి అప్పగించాలి. అంటే పేరు సజావుగా మారాలంటే ఒకసారి పుట్టింటికి వెళ్లి రావాల్సిందే. తెల్లవారుజామున నాలుగింటికి నకలు టేపుమీదికి ఎక్కింది. ‘నీ పేరేమిటి?’ అన్నాను. ‘భీమ’ అంది. ఇంటికెళ్లి పడుకున్నాను.

అత్తయ్యకూ అదే మందు. పుట్టిన ఊరికి తీసుకెళ్లాను. ఆవిడ చదివిన బడిలో పాత రిజిస్టరు తీయించి దేవత పేరు చూపించాం. పెళ్లిశుభలేఖ ఒకటి పెట్టె అడుగున దొరికింది. నోటరీ దగ్గర, దేవత అన్నా నది అన్నా ఆ మూడో పేరన్నా ఒకే మనిషి అని అఫిడవిట్ రాయించాం. చూశారా, కాలిఫోర్నియాలో మొకపెట్రిస్‌గారు రాసిన ముద్దుపేరు సూత్రమే, మన స్టాంపు కాగితం మీద. దేవతా, నదీ రెండు కాదు, ఒకరిని అడిగితే రెండోవారు పలుకుతారని. ఇంకో మూడు నెలలకు పెన్షను వచ్చింది.

ఇప్పటి కుర్రాళ్లకు ఈ బాధలు తగ్గాయి. యంత్రానికి ఒక పేరు, అది చేసే సేవకు ఇంకో పేరు వేరుగా పెట్టుకుంటున్నారు. ప్రోగ్రాములన్నీ సేవ పేరే పిలుస్తాయి. కింద పెట్టె మారినా పై పేరు మారదు. 2012 ప్రాంతం నుంచి వాళ్లలో ఒక పోలిక కూడా వ్యాపించింది. సర్వర్లను పెంపుడు జంతువుల్లా పేరుపెట్టి పెంచకండి, మందలో పశువుల్లా అంకె వేసి తోలండి, ఒకటి పడిపోతే ఇంకోటి తెచ్చుకోండి అని. పొదుపైన మాటే. కాదనను. కానీ వాళ్లెవరూ పాడిపశువుల ఇంట్లో పుట్టినట్టు లేదు. మా ఊళ్లో మందలో ప్రతి ఆవుకూ పేరుండేది, పిలిస్తే వచ్చేది.

పెన్షను మొదటిసారి తీసుకోవడానికి అత్తయ్యతో బ్యాంకుకు నేనే వెళ్లాను. పుస్తకంలో వున్నట్టు సంతకం చెయ్యమ్మా అన్నాడు కౌంటర్లో అబ్బాయి. అంటే దేవత పేరు. యాభై ఏళ్లయింది ఆవిడ ఆ పేరు రాసి. కలం పట్టుకుని కాసేపు ఆగింది. తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసింది. బయటికొచ్చాక మెట్లమీద ఆగి, ‘మా అమ్మ పిలిచినట్టయిందిరా’ అంది. ఆటో ఎక్కేదాకా ఇంకేమీ మాట్లాడలేదు.

ఆ కొత్త భీముడూ ఏనాడో పాత సామాన్లలో కలిసిపోయాడు. వాడి తర్వాత ఇంకో రెండు పెట్టెలు మారాయట. ఇప్పుడున్న వాటికి అంకెలే తప్ప పేర్లు లేవట. మొన్న ఒక పెళ్లిలో ఆ ఆఫీసు కుర్రాడు కనిపించి చెప్పాడు. ‘ఎవరో పూర్వకాలంలో రాసిన జీతాల ప్రోగ్రాం ఒకటుందండీ, అది ఇప్పటికీ రోజూ పొద్దున్నే భీమా అని పిలుస్తుంది. భీమ ఎవరో మాకెవరికీ తెలీదు. తీసేద్దామంటే భయం. అందుకని ఆ పేరు అలాగే వుంచి, పలికే ఏర్పాటు చేశాం’ అన్నాడు.

మంచిపని చేశావు నాయనా, అన్నాను.